గల్లాపెట్టె వెనక మనిషి

(విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఆదివారం సాయంత్రం వర్తకులతో, వాళ్ల కుటుంబాలతో ఒక సైకియాట్రిస్టు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఉన్నదున్నట్టే.)

అందరికీ నమస్కారం. ముందు వరస కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనకేమో జనం నిలబడ్డారు. రండి, ముందుకి రండి. సైకియాట్రిస్టు ఎదురుగా కూర్చుంటే చూసినవాళ్లు ఏమన్నా అనుకుంటారనా? అనుకోనివ్వండి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ భయం గురించే.

నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన విషయం చాలా పొడుగ్గా ఉంది. "గొడవల ప్రాంతాల్లో చిన్న వ్యాపారుల మానసిక ఆరోగ్యం, తట్టుకునే శక్తి." కార్డు చూసి ఒకాయన ఫోన్ చేశారు. "బెజవాడలో యుద్ధమేముంది డాక్టరు గారూ, ఎండలు తప్ప" అని. నిజమే. యుద్ధం లేదు. సరే, ఒక్క పని చేయండి. నలభై అయిదేళ్లు దాటినవాళ్లు చేతులెత్తండి. ఆఁ. ఇప్పుడు 1988 డిసెంబరు 26 గుర్తు లేనివాళ్లు చెయ్యి దించేయండి.

చూశారా? ఒక్క చెయ్యీ దిగలేదు.

అప్పటి మన ఎమ్మెల్యే వంగవీటి రంగాగారి హత్య జరిగింది, ఊరు తగలబడింది. ఎవరు, ఎందుకు అన్నదాని జోలికి నేను పోను. ఈ హాల్లోనే దానికి నాలుగు సమాధానాలుంటాయి, ఆ నాలుగూ మొదలెడితే మనం భోజనాలకి కూడా వెళ్లం. నేను చెప్పేది కొట్ల గురించి. ఆ వారం షట్టర్ల వెనక ఏం జరిగిందో, ఆ తర్వాత ఇరవై ఏళ్లు షట్టర్ల వెనక మనుషులకి ఏం జరిగిందో, దాని గురించి.

మా నాన్నకి బీసెంటు రోడ్డు పక్క సందులో బట్టల కొట్టు ఉండేది. పదడుగుల ముఖం, లోపలికి ఒక ఇరవై అడుగులు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. కర్ఫ్యూ సడలించిన రోజు నాన్న వెంట నేనూ వెళ్లాను. షట్టరు బయటికి ఉబ్బిపోయి ఉంది. ఎత్తితే రాలేదు, గడ్డపార పెట్టి లేపాం. బట్టల వ్యాపారం చేసేవాళ్లకి తెలుస్తుంది, గుడ్డ తాను బాగా బిగించి చుట్టి ఉంటే అగ్గి లోపలిదాకా పోదు. అంచులు బొగ్గవుతాయి, నడిమి గుడ్డ గుడ్డలాగే ఉంటుంది. నాన్న కింద కూర్చుని ఒక్కో తానూ విప్పి, కాలిన అంచు కత్తెరతో కోసి పక్కన పడేయడం మొదలుపెట్టాడు. సడలింపు రెండు గంటలు. రెండు గంటలూ అదే పని. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. "అది ఇటివ్వు", "ఇది అటు పెట్టు", అంతకుమించి నాతో ఒక్క మాట లేదు. ఆ ముక్కలన్నీ అమ్మ సోడా వేసి ఉతికింది. పొగ వాసన పోలేదు. కర్ఫ్యూ ఎత్తేశాక ఫుట్‌పాత్ మీద దుప్పటి పరిచి కట్ పీసులని అమ్ముకున్నాం. వాసన వస్తోందని తెలిసీ కొన్నారు జనం. ముక్కు దగ్గర పెట్టుకుని, మా నాన్న మొహం చూసి, బేరమాడకుండా డబ్బులిచ్చి పోయినవాళ్లు నాకింకా గుర్తున్నారు.

బంధువులు వచ్చారు, సందులో వాళ్లు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట. "మీ నాన్న గట్టోడురా." ఏడుపు లేదు, పెడబొబ్బలు లేవు, నెల తిరక్కుండా మళ్లీ కొట్టు తెరిచాడు, గట్టోడు కాక మరేంటి? నాకూ గర్వంగానే ఉండేది.

ఆ గట్టోడు ఆ తర్వాత పదిహేనేళ్లు రాత్రి మూడింటికి లేచి కూర్చునేవాడు. ఎక్కడన్నా చెత్త తగలబెడితే ఆ పొగకి లేచి కిటికీ మూసేవాడు, మండు వేసవిలో కూడా. కొత్త సరుకు వస్తే ముందు వాసన చూసేవాడు, తర్వాత రంగు. తాళం మూడుసార్లు లాగి చూసి, రోడ్డు చివరిదాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి నాలుగోసారి లాగేవాడు. బంద్ అని పేపర్లో పడితే ముందురోజు నుంచే అన్నం సహించేది కాదు. మా అక్క పెళ్లిలో బాణసంచా పేలుతుంటే మండపంలోంచి మాయమయ్యాడు. వెతికితే వంటవాళ్ల పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అందరం నవ్వాం. "పెళ్లికూతురి తండ్రికి వంట పిచ్చి" అని.

నేను సైకియాట్రీలో చేరాక పీటీఎస్‌డీ పాఠం చదివాను. ఘోరం చూసిన మనిషిని ఆ ఘోరం వదలకపోవడం. నిద్రలోకి రావడం, ప్రతి చప్పుడుకీ ఒళ్లు ఉలిక్కిపడటం, దాన్ని గుర్తు చేసేవాటి నుంచి పారిపోవడం. అమెరికా వాళ్ల జబ్బుల జాబితాలోకి ఈ పేరు ఎక్కింది 1980లో. మా కొట్టు కాలడానికి ఎనిమిదేళ్ల ముందు! పుస్తకం మూసి హాస్టల్ మెట్ల మీద కూర్చున్నాను. మా నాన్నని ఎవరో దగ్గరుండి చూసి రాసినట్టుంది. మేమేమో వంట పిచ్చి అనుకున్నాం.

ఇప్పుడు లెక్కలు కాస్త. వ్యాపారస్తులు కదా, లెక్క లేకుండా మాట్లాడితే నమ్మరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లాన్సెట్ పత్రికలో ఒక అంచనా వేసింది. గత పదేళ్లలో యుద్ధమో ఘర్షణో చూసిన ప్రాంతాల్లో నూటికి 22 మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని. దిగులు, ఆందోళన, పీటీఎస్‌డీ, ఇంకా తీవ్రమైనవి, అన్నీ కలిపి. అందులో తేలికపాటివి 13, మధ్యస్థం 4, తీవ్రమైనవి 5. కశ్మీర్లో అయితే 2015లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్లు సర్వే చేశారు. లోయలో పెద్దవాళ్లలో నూటికి 45 మందికి మనసు బాగా నలిగిన లక్షణాలు కనిపించాయి.

ఈ లెక్క విని హడలిపోకండి. తిరగేసి కూడా చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో నూటికి 78 మంది జబ్బు పడలేదు. గొడవ జరిగిన మొదటి వారం నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, ఊరికే కోపం రావడం జబ్బు కాదు. అది ఒంటి ధర్మం. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే, పైపెచ్చు ముదురుతుంటే, అప్పుడు మా దగ్గరికి రావాలి. ఇంకో సంగతి, గొడవైన మర్నాడే మనిషిని కూర్చోబెట్టి "ఏం జరిగిందో మొత్తం చెప్పు, మనసు తేలికవుతుంది" అని తవ్వే అలవాటు కొందరికి ఉంది. వద్దు. బలవంతంగా చెప్పించడం వల్ల మేలు లేదని తేలింది. చెబితే వినండి. చెప్పకపోతే టీ ఇచ్చి పక్కన కూర్చోండి.

అసలు సంగతికి వద్దాం. ఉద్యోగికీ గొడవలు తగులుతాయి, రైతుకీ తగులుతాయి. వ్యాపారికి తగిలే తీరు వేరు. ఎందుకు వేరు?

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగింది. సింగ్‌నగర్, పాయకాపురం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడున్నారు. సరుకంతా బురదపాలయింది. ఏడ్చారు, బురద కడుక్కున్నారు, తెరిచారు. ఆ నీళ్లకి మన మీద కక్ష లేదు. మీ కొట్టు, పక్క కొట్టు, ఎదురు కొట్టు, అన్నీ మునిగాయి. అల్లర్లు అలా కాదు. అల్లర్లలో మీ కొట్టు తగలబడి పక్క కొట్టు మిగులుతుంది. ఎందుకు మిగిలిందో మీకు తెలుసు. రాయి విసిరినవాడి మొహం మీకు తెలుసు. వాడు నిరుడు దసరాకి మీ దగ్గర చీర కొన్నాడు. వచ్చే దసరాకీ వస్తాడు. వస్తే ఏమంటారు?

"రండి రండి, చాన్నాళ్లకి" అంటారు. ఏమండీ, అనరా? అనాలి కదా మరి.

భయపడ్డ మనిషి ఆ చోటికి దూరంగా పోవడం సహజం. మిలిటరీవాడు యుద్ధం నుంచి ఇంటికొస్తాడు. చిన్న వ్యాపారి దెబ్బ తిన్న చోటే రోజూ పొద్దున బోణీ చేసుకోవాలి. కొట్టిన చేతికే పొట్లం కట్టివ్వాలి, నవ్వుతూ. వదిలి ఇంకో ఊరు పోదామంటే? డిగ్రీ ఉన్నవాడు కాగితం చంకన పెట్టుకుని పోతాడు. వ్యాపారి ఏం పెట్టుకుపోతాడు? పెట్టుబడంతా సరుకులో ఉంది, సరుకు డబ్బంతా జనం మీద బాకీల్లో ఉంది. బాకీల్ని సంచిలో కట్టుకుని బస్సెక్కలేం.

మొన్నామధ్య ఒకాయన వచ్చారు. ఊరు పేరూ, సరుకు పేరూ మార్చి చెబుతాను. పల్నాడు వైపు కిరాణా కొట్టు అనుకోండి. 2024 ఎన్నికల తర్వాత అక్కడ ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. 144 సెక్షన్, మూసిన బజార్లు, ఎక్కడ చూసినా పోలీసులు. ఆయనకి ఛాతీ నొప్పి. నరసరావుపేటలో ఒక ఈసీజీ, గుంటూరులో రెండు, చివరికి యాంజియోగ్రామ్. అంతా నార్మల్. గుండె డాక్టరు నా దగ్గరికి పంపితే, లోపలికి రావడానికి ముందు బయట బోర్డు మీద నా డిగ్రీలు చదివి వెనక్కి వెళ్లిపోయారు. రెండోసారి వాళ్లావిడ పట్టుకొచ్చింది. నొప్పి ఎప్పుడొస్తుందండీ అంటే చెప్పలేకపోయారు. ఆవిడ చెప్పింది. "పొద్దున ఆరింటికండీ, తాళాలు చేతిలోకి తీసుకుంటే."

ఆయన బాధ నష్టం గురించి కాదు. నష్టం అరవై వేలో డెబ్భై వేలో, అంతే. ఈయన కొట్టుకి రెండు వర్గాలవాళ్లూ వస్తారు. ఇవాళ తెరిస్తే ఒక వర్గం "మేం బంద్ అంటే తెరుస్తావా" అంటుంది. మూస్తే ఇంకో వర్గం "వాళ్లకి భయపడ్డావా" అంటుంది. పాలప్యాకెట్ ఎవరికి ముందిచ్చాడో కూడా చూసేవాళ్లున్నారు. రోజూ పొద్దున ఆరింటికి ఆ తాళంచెవి చేతిలో పెట్టుకుని ఈ లెక్క వేసుకోవాలి. ఏ లెక్కయినా తప్పే. దెబ్బ ఒకసారి తగిలి పోతుంది. ఈ లెక్క రోజూ తగులుతుంది.

కశ్మీర్ వర్తకులు ఈ లెక్కతో ఏళ్ల తరబడి బతికారు. 2016లో ఆందోళనలప్పుడు హర్తాళ్ క్యాలెండర్లు వచ్చేవి. ఏ రోజు ఎన్నింటికి తెరవాలి, ఎన్నింటికి మూయాలి అని. 370 అధికరణం రద్దు చేసిన 2019 ఆగస్టు 5 తర్వాత పొద్దున్నే కాసేపు, సాయంత్రం కాసేపు షట్టరు సగం ఎత్తి అమ్ముకున్నవాళ్లున్నారు. ఇంటర్నెట్ కట్. 2జీ వచ్చింది 2020 జనవరిలో, 4జీ వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఏడాదిన్నర! ఆర్డరు రాదు, పేమెంటు రాదు, జీఎస్‌టీ కట్టడానికి లైనులో నిలబడాలి. మనకి యూపీఐ పది నిమిషాలు ఆగితే బీపీ పెరుగుతుంది.

ఇలా నలుగుతున్నప్పుడు బుర్ర పనిచేసే తీరు మారుతుందని చెప్పడానికి ఒక అధ్యయనం చెబుతాను. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. మన పక్కన తమిళనాడులో 464 మంది చెరకు రైతులకి కోతకి ముందు, కోత తర్వాత బుర్రకి పనిపెట్టే పరీక్షలు పెట్టారు. కోతకి ముందు చేతిలో డబ్బాడదు. అదే రైతు, అదే పరీక్ష. డబ్బు లేనప్పుడు తక్కువ మార్కులు, వచ్చాక ఎక్కువ. మనిషి తెలివి తగ్గలా. అప్పు ఆలోచన తెలివిలో కొంత జాగా ఆక్రమించింది. మరి వడ్డీల ఆలోచనకి తోడు ఇవాళ తెరవాలా వద్దా అన్న ఆలోచన కూడా ఉన్న వ్యాపారి? తప్పు ధరకి కొంటాడు, తప్పు మనిషికి అరువిస్తాడు, ఇంట్లో పిల్లవాడి మీద చెయ్యి చేసుకుంటాడు. తర్వాత "నాకు వ్యాపారం చేతకాదు" అనుకుంటాడు.

మరి ఎవరికన్నా చెప్పొచ్చు కదా? చెప్పడు. ఎందుకు చెప్పడు?

పరపతి.

ఈ మాట ఒక్కసారి ఆగి చూడండి. మన వ్యాపారంలో దీన్ని మించిన ఆస్తి లేదు. సూరత్ వాడు మనకి లక్ష రూపాయల సరుకు ఏ ధైర్యంతో వేస్తున్నాడు? గుంటూరు నుంచి వచ్చిన మిర్చి యార్డు మిత్రులున్నారు, మీ మాట మీద ఎన్ని టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, చేతులు మారతాయో మీకే తెలుసు. అంతా మనిషి మొహం మీద నడిచే వ్యాపారం. ఆ మొహం కాస్త వాడిందనుకోండి, "ఫలానావాడు డల్‌గా ఉన్నాడంట" అని బజార్లో పడిందనుకోండి, మర్నాడు చీటీ పాటలో జామీను అడుగుతారు. హోల్‌సేలరు "పాత బాకీ చూడండి, తర్వాత కొత్త సరుకు" అంటాడు. అప్పులిచ్చినవాళ్లందరూ ఒకేరోజు గుర్తొచ్చినట్టు ఫోన్లు చేస్తారు. కాబట్టి వ్యాపారి మొహానికి పౌడరు రాసుకుని కూర్చోవాలి. దిగులు దాచడం వాడికి సిగ్గు కాదండీ, పెట్టుబడి. నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడమంటే ఐపీ పెట్టబోతున్నానని, అంటే దివాలా తీస్తున్నానని, చెప్పుకోవడమే బజారు దృష్టిలో.

పరపతి కాపాడుకోవడానికి దాస్తాం, దాచినది లోపల కుళ్లుతుంది, కుళ్లినది వ్యాపారాన్నే తింటుంది. మా నాన్న గట్టోడన్నారు చూశారా, ఆ బిరుదు ఆయన నోటికి సీలు వేసింది. గట్టోడు ఎలా ఏడుస్తాడు?

ఒక్క లెక్క చెబుతాను, నెమ్మదిగా వినండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2019లో ఆత్మహత్య చేసుకున్న వ్యాపారులు దేశం మొత్తం మీద 9,052 మంది. 2020లో 11,716. అది కోవిడ్ సంవత్సరం, షట్టర్లు నెలల తరబడి దిగి ఉన్న సంవత్సరం. అదే ఏడాది వ్యవసాయంలో ఉన్నవాళ్లు, రైతులూ కూలీలూ కలిపి, 10,677. రైతు గురించి మాట్లాడుకుంటున్నాం, మాట్లాడుకోవాలి కూడా. వ్యాపారి గురించి ఎంతమంది మాట్లాడారు? లాభాలు తినేవాడికి బాధేమిటి అనే మాట తప్ప నేను వినలేదు. ఏ చావుకీ ఒక్క కారణం ఉండదు, ఒక్క అప్పే అనుకోవద్దు. కానీ ఆ అంకెల్లో చాలామంది ముందురోజు సాయంత్రం గల్లాపెట్టె ముందు నవ్వుతూ కూర్చున్నవాళ్లే అయి ఉంటారు.

ఇక్కడ ఒక నంబరు రాసుకోండి. 14416. టెలీ మానస్, 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది, ఫ్రీ, రాత్రయినా పగలయినా, తెలుగులో మాట్లాడతారు. ఎవరికీ తెలియదు. పరపతికి ఢోకా లేదు.

మా నాన్న దగ్గరికి మళ్లీ వెళదాం. కొట్టుతో పాటు లెక్కల పుస్తకాలు, చిట్టా, ఆవర్జా కూడా కాలిపోయాయి. నా తెల్ల నోటు పుస్తకం ఒకటి తీసుకుని, రాత్రిళ్లు లాంతరు దగ్గర కూర్చుని, ఎవరెవరు ఎంత బాకీయో జ్ఞాపకం మీద రాశాడు. అడగడానికి మాత్రం ఎవరింటికీ వెళ్లలేదు. పుస్తకం కాలిపోయిందని ఊరందరికీ తెలుసు, లేదంటే లేదనొచ్చు. అయినా సగానికి పైగా వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఒక ముసలమ్మ పదిహేడు రూపాయలు కొంగున కట్టుకుని భవానీపురం నుంచి నడిచొచ్చింది. ఇటు సూరత్ కమీషన్ ఏజెంటుకి నాన్న కార్డు రాశాడు, కొట్టు పోయింది, మీ బాకీ తీరుస్తాను, గడువు కావాలి అని. జవాబుగా డబ్బు అడగలేదు వాళ్లు. రెండు బేళ్లు పంపారు. రైల్వే రసీదు వచ్చిన రోజు నాన్న మొదటిసారి ఏడ్చాడు. కాలినప్పుడు ఏడవనివాడు సరుకొస్తే ఏడ్చాడు.

తట్టుకునే శక్తి అంటారే, దాన్ని మనిషి లోపల వెతుకుతాం మనం. గుండె ధైర్యం, దేవుడి మీద భారం, ఇంకా ఏదో. నేనేమంటానంటే అది సగానికి పైగా మనిషి బయట ఉంటుంది. ఆ ముసలమ్మ కొంగులో ఉంది, ఆ సూరత్ ఏజెంటు బేళ్లలో ఉంది. 2022లో ఉక్రెయిన్ నుంచి మన మెడికోలు తిరిగొచ్చారు కదా, ఒక కుర్రాడు మా క్లినిక్‌కి వచ్చేవాడు. ఖార్కివ్‌లో వాళ్ల హాస్టల్ కింద కొట్టు ఒకావిడది. సైరన్‌కీ సైరన్‌కీ మధ్య తెరిచి రొట్టె, నీళ్లు ఇచ్చేదట. పిల్లలు రేపో మాపో దేశం దాటిపోతారని తెలిసి కూడా పద్దు రాసుకుని ఇచ్చింది. వీడు నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు, ఏం కల రా అంటే బాంబులు కాదు, "ఆవిడ బాకీ ఉండిపోయాను సార్" అనేవాడు. ఆవిడ ఎందుకు రాసుకుందో తెలుసా? పద్దు రాయడమంటే రేపు ఉందని చెప్పడం. రేపు లేదనుకున్నవాడు అరువివ్వడు.

ఇంఫాల్‌లో ఇమా కైతెల్ అని బజారు ఉంది. ఇమా అంటే అమ్మ. అమ్మేవాళ్లందరూ ఆడవాళ్లే, వేల మంది. 1939లో బియ్యం బయటికి తరలిపోతుంటే తిరగబడింది ఆ బజారు ఆడవాళ్లే. 2023 మే 3న మణిపూర్లో ఘర్షణలు మొదలయ్యాక కర్ఫ్యూలతో ఆ బజారూ మూతపడింది, తెరిచింది, మళ్లీ మూతపడింది. అక్కడ గోడలున్న కొట్లు కావు, అరుగులు. పక్క అరుగు మీద ఆవిడ ఇవాళ రాకపోతే తెలుస్తుంది, అన్నం తినకపోతే తెలుస్తుంది. మన సంగతి? గ్లాసు తలుపులు వేసుకుని, ఏసీ పెట్టుకుని, పక్క కొట్టువాడు నెల్లాళ్లుగా మధ్యాహ్నం భోజనం క్యారేజీ విప్పడం లేదని మనకి తెలుసా? ఏసీ తప్పని అనడం లేదు లెండి, మాది కూడా ఏసీ క్లినిక్కే.

చికిత్స అంటే మందులే అనుకోకండి. పాకిస్తాన్‌లోని పెషావర్‌లో, బాంబు పేలుళ్లతో నలిగిన ఊరది, ఒక ప్రయోగం చేశారు. 346 మంది. డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి, మొత్తం అయిదుసార్లు కూర్చుని మాట్లాడారు. మూడు నెలల తర్వాత చూస్తే దిగులు, ఆందోళన బాగా తగ్గాయి. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వేశారు. ఆ పద్ధతి వింటే మీకు నవ్వొస్తుంది, మీరు రోజూ చేసేదే. నిదానంగా ఊపిరి తీయడం నేర్పుతారు, అది మొదటిది. తర్వాత సమస్యలన్నీ కాగితం మీద రాయించి మూడు గుంపులు చేయిస్తారు. మనం తీర్చగలిగేవి, మన చేతిలో లేనివి, పెద్దగా పట్టించుకోనక్కర్లేనివి. ఏడాది చివర బాకీల పుస్తకం ముందేసుకుని మీరు చేసేదేంటి? వసూలయ్యేవి ఒక పక్క, మొండి బాకీలు ఒక పక్క. మొండి బాకీ వెంట తిరిగితే చెప్పులరగడమే అని మీకు తెలుసు. మరి మనసులో ఆ పని ఎందుకు చేయం? ఊళ్లో గొడవలు ఆగుతాయా, ప్రభుత్వం పరిహారం ఇస్తుందా, అవి మొండి బాకీలు. ఇవాళ కరెంటు బిల్లు కట్టడం వసూలయ్యే బాకీ. దాని వెంట తిరగండి.

ఆ పల్నాడు ఆయనకి కూడా నేను మొదట చెప్పింది షట్టరు అరగంట ఎత్తమని. అమ్మకం అక్కర్లేదు. దీపం పెట్టి, దుమ్ము దులిపి, మూసేసి రమ్మన్నాను. వారం తర్వాత గంట. మందు కూడా వాడారు, ఆరు నెలలు. ఇప్పటికీ నొప్పి వస్తుందట అప్పుడప్పుడు. వచ్చినప్పుడు ఈసీజీకి పరిగెత్తడం లేదు, అంతే తేడా.

ఇంకో రెండు మాటలు, ఇవి డాక్టరుగా కాదు, బట్టల కొట్టు కొడుకుగా. బంద్ రోజున తెరవాలా మూయాలా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోకండి. సందు మొత్తం కలిసి ముందురాత్రే తేల్చండి, ఒక్కడి మీద ఆ బరువు పడనివ్వకండి. వాట్సాప్ గ్రూపులో "అక్కడ తగలబెడుతున్నారంట" అని వచ్చింది చూడకుండా తోసేవాడిని ఒకసారి మందలించండి. ఖాతా పుస్తకానికి వారం వారం ఫొటో తీసి కూతురికో కొడుక్కో పంపండి. మా నాన్నకి ఆ సౌకర్యం లేదు, మీకుంది. బీమా కాగితం ఇవాళ ఇంటికెళ్లి తీసి చూడండి. అగ్ని ప్రమాద బీమాలో సాధారణంగా అల్లర్లలో జరిగిన నష్టం కూడా కలిసి ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి అయిదు కోట్ల లోపు ఆస్తికి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అని పాలసీ ఉంది, అందులోనూ ఉంది. యుద్ధ నష్టం మాత్రం రాదు. మనవాళ్లు చేసే తప్పేంటంటే, బ్యాంకు లోను ఎంతుంటే అంతకే బీమా. సరుకు ముప్పై లక్షలు, బీమా ఎనిమిది లక్షలు. రాత్రి నిద్ర మాత్ర కన్నా ఆ కాగితం బాగా పనిచేస్తుంది కొందరికి. అన్నట్టు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బుకీ బీమా ఇవ్వాలి. అడగండి. అడక్కపోతే వాళ్లు చెప్పరు.

తాగుడు సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. నిద్ర కోసం మొదలుపెట్టింది నిద్రనే తింటుంది. ఇంట్లో ఆడవాళ్లు తలలూపుతున్నారు, కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ఒక చీటీ పంపారు. పేరు లేదు. "మావారు రాత్రి కొట్టు మూశాక షట్టరు సగం దించి లోపలే కూర్చుంటున్నారు. పదకొండింటికి వస్తున్నారు. అడిగితే లెక్కలంటారు. లెక్కలు అంత లేవు. నేనేం చేయాలి?"

అమ్మా, మీరెవరో నాకు తెలియదు, చెయ్యెత్తనక్కర్లేదు. రేపు తొమ్మిదింటికి రెండు కంచాలకి సరిపడా క్యారేజీ సర్దుకుని కొట్టుకి వెళ్లండి. షట్టరు కింద నుంచి వంగి లోపలికెళ్లి, "నేనూ ఇక్కడే తింటాను" అనండి. ఏమైంది అని అడక్కండి. లెక్కల పుస్తకం ఎదురుగా ఉంటుంది, అంకెలు చదవమనండి, మీరు కూడండి. ఒకరోజు కాకపోతే నాలుగోరోజు ఆయనే పెన్ను కింద పెడతారు. పెట్టకపోయినా, చచ్చిపోవాలనుందని ఒక్క మాట జారినా, ఆ రాత్రే 14416కి ఫోన్ చేసి ఆయన చేతికివ్వండి. పొద్దున సూర్యారావుపేటలో నా దగ్గరికి తీసుకురండి. వెనక గుమ్మం కూడా ఉంది, అటు నుంచి రావచ్చు.